మా నాయిన చెవితో విని కొన్న జీపు

మొన్న మా చిన్నల్లుడు ఫోనులో ఒక కారు బొమ్మ పంపి, లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిందట, ధర మాత్రం అగ్గువకే వస్తున్నదట, కొనొచ్చా మామా అని అడిగాడు. బండి మాట వస్తే నన్నడగడం మా ఇంట్లో అందరికీ అలవాటు. గనిలో ఉద్యోగానికి ఎక్కక ముందు గోదావరిఖనిలో ఒక మెకానిక్ షెడ్డులో రెండేళ్లు చేతులకు గ్రీజు పూసుకున్నవాణ్ణి గనుక, ఆ తరువాత ముప్పై అయిదేళ్లు బొగ్గులోనే గడిచిపోయినా మా వాళ్ల దృష్టిలో నేను ఇప్పటికీ మెకానిక్కునే. రెండు ముక్కల్లో చెప్పెయ్యవలసిన సమాధానం అది. అయినా ఆ బొమ్మ చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. మా ఆవిడ తెచ్చి పెట్టిన చాయ్ చల్లారిపోయి, దానికి తిట్లు కూడా పడ్డాయి. తిరిగిన బండి అన్న మాట చెవిన పడితే చాలు, నాకు మా నాయిన గుర్తుకు వస్తాడు, ఇక ఆ పూట నాకు ఏ పనీ చేతగాదు.

మా నాయిన గనిలో సర్దారు. నా తోటి వాళ్లకు ఆ మాట విప్పి చెప్పనక్కర్లేదు గాని ఇప్పటి పిల్లలకు చెప్పాలి. షిఫ్టు మొదలయ్యే ముందు, కూలీలు లోపలికి పోకముందే, సర్దారు తానొక్కడే ముందు పోయి, ఇనుప పొన్ను వేసిన కర్రతో పైకప్పును అడుగడుగునా కొట్టి చెవి పెట్టి వింటాడు. ఖంగుమంటే కప్పు గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే లోపల పొర విడిపోయినట్టు, అక్కడ దుంగలు ఆనించాలి, లేదా ఆ రాయిని దించెయ్యాలి. అంతా చూసుకొని గోడ మీద సుద్దతో తన సంతకం గీకి, ఇక పోండి అని ఆయన అంటేనే నలభై మంది ఆ కప్పు కిందికి పోయేవాళ్లు. ఇరవై ఆరేళ్లు ఆ పని చేసిన మా నాయిన చూసుకునే మేరలో కప్పు కూలి ఒక్క ప్రాణం పోలేదు. కొందరు తమ ఇంటి పాడిగేదె గురించి చెప్పుకున్నట్టు ఆయన తన చెవి గురించి చెప్పుకునేవాడు. అంగట్లో కుండ కొన్నా, పుచ్చకాయ కొన్నా, చివరికి మా అక్క పెళ్లికి మంచం కొన్నా, వేలి కణుపుతో కొట్టి, తల వంచి విని, ఆ తరువాతే బేరం మొదలు పెట్టేవాడు. జనం చూస్తున్నారని మా అమ్మ సిగ్గుతో పక్క దుకాణంలోకి జరిగిపోయేది.

నేను ఐటీఐ చదివి, ఉద్యోగం లేక ఊరికే తిరగడం ఇష్టంలేక, బస్టాండు పక్కన చాచా షెడ్డులో చేరాను. చాచా అంటే మాకు బంధువేమీ కాదు, ఊరందరికీ చాచానే. ఎనభైల చివరి సంవత్సరాలవి. మా క్వార్టర్ల వరుసలో నా ఈడు పిల్లలు చాలామంది నాలాగే ఖాళీగా ఉండి, తండ్రి ఉద్యోగం కోసం ఎదురు చూసేవాళ్లు. సర్వీసు మిగిలి ఉండగానే మనిషి పనికి తగడని డాక్టర్లు రాస్తే అతని ఉద్యోగం కొడుక్కు వచ్చే రోజులు. అన్‌ఫిట్ అన్న మాట మా వాడలో తిట్టూ కాదు, రోగం పేరూ కాదు, అదొక ఆశ పేరు. నడిచే మనుషులు ఉన్నట్టుండి కుంటడం మొదలు పెట్టేవాళ్లు. మా నాయినకు అదంటే ఒళ్లుమంట. "కాళ్లు చేతులు మంచిగ ఉండంగ నేను కుంటోన్నని ఎట్ల రాయించాలెర?" అని సలహా ఇచ్చినవాళ్ల ముఖం మీదనే అనేవాడు. అంతకంటె పెద్ద సంగతి, నన్ను బాయిలో దింపకూడదన్నది ఆయన పట్టుదల. గనిని మేమంతా బాయి అనే వాళ్లం. నేను దిగిన కాడికి చాలు, నువ్వు మీదనే బతకాలె అన్న మాట నేను నిక్కర్లు వేసుకున్న నాటి నుంచి వింటూ వచ్చాను.

అందుకే ఆయనకు జీపు ఆలోచన వచ్చింది. కమాన్‌పూర్ వైపు ఊళ్ల నుంచి షిఫ్టు వేళలకు మనుషులను ఎక్కించుకొని గనుల దగ్గర దింపే జీపులు అప్పుడు బాగా నడిచేవి. కొత్తది కొనే తాహతు మాకు లేదు. ఒక ప్రైవేటు కాంట్రాక్టరు తన దగ్గరున్న పాత జీపు అమ్ముతున్నాడని తెలిసి, పి.ఎఫ్. లోను పెట్టి అది కొందామన్నాడు నాయిన.

నాకు బండి గుణం చెప్పడం నేర్పింది చాచానే కాబట్టి ముందు ఆయనను తీసుకుపోయి చూపించాను. మీటరులో నలభై చిల్లర వేలు కనబడుతున్నది, అయిదంకెల మీటరు, లక్ష దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలు. అది ఒక చుట్టు తిరిగిందో రెండు చుట్లు తిరిగిందో కాంట్రాక్టరుకే తెలియదు. చాచా మీటరు వైపు చూడనే లేదు. వంగి క్లచ్చు పెడలు చూశాడు, దాని మీది రబ్బరు అరిగి ఇనుము తేలి మెరుస్తున్నది. స్టీరింగు ఇటూ అటూ ఆడించాడు, బెత్తెడు తిరిగాక గాని చక్రం కదలలేదు. "కిలోమీటర్లకు డరొద్దు బేటా, ఎవ్వరు నడిపిండ్రు, గది అడుగు," అన్నాడు. గోదావరి అవతలి జైపూర్ ఊరి నుంచి మా షెడ్డుకు ఒక రైతు పాత ట్రాక్టరు తెచ్చేవాడు, మా అందరికంటె ఎక్కువ కష్టపడిన ట్రాక్టరు, చలికాలం దాని ఇంజను మీద గొంగడి కప్పేవాడాయన. అట్లాంటిది కళ్లు మూసుకొని కొనొచ్చన్నాడు చాచా. ఈ జీపు సంగతి వేరు, మూడు షిఫ్టులూ నడిచింది, డ్రైవర్లు ఆరుగురు, ఇంజను చల్లారిన పూట లేదు, ఆయిలు ఎవరు మార్చారని అడిగితే ఒకడి ముఖం ఒకడు చూశారు. వద్దని చెప్పమన్నాడు. నేనే ఆ మాట ఇంట్లో నాన్చాను. స్టీరింగు వెనక నేను కూర్చోబోయే బండి అది, నాకూ ఆశే గదా.

ఆదివారం చర్చి అయిపోయాక తెల్ల బట్టల మీదనే నాయిన నన్ను వెంటబెట్టుకొని పోయాడు. చేతిలో డ్యూటీ కర్ర. అది చూసి కాంట్రాక్టరు మనుషులు నవ్వారు. ఆయన ఎవరినీ లెక్కచేయక, జీపు కిందికి వంగి చాసిస్ ఈ చివర నుంచి ఆ చివర దాకా జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ, ఒక్కో దెబ్బకు తల ఒరిగించి విన్నాడు. తరువాత ఇంజను స్టార్టు చేయమని బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నాకు మాత్రం ఇంజను అడుగు నుంచి టక్ టక్ మని ఒక చప్పుడు స్పష్టంగా వినిపించింది. లోపల బేరింగు అరిగిపోయిన చప్పుడది, షెడ్డులో మొదటి ఆర్నెల్లలోనే ఎవరికైనా పట్టుబడుతుంది. ఆయన పక్కన నిలబడి బేరింగు కొడుతున్నది నాయినా అన్నాను. బదులు లేదు. ఎదురుగా పోయి మళ్లీ అన్నాను. అప్పుడు నా ముఖంలోకి చూసి, "గట్టిగనే ఉన్నది. ఇరవై ఆరేండ్ల సంది వింటున్న, నాకే చెప్తవార?" అన్నాడు. అందరూ మళ్లీ నవ్వారు, ఈసారి నన్ను చూసి. నేను దాన్ని మొండితనమనుకున్నాను. ఆ పూటే బేరం కుదిరింది.

రెండు నెలలు ఆ జీపు నడిపాను. మొదటి నెల బాగానే ఉన్నట్టు అనిపించింది, చప్పుడు లేవకుండా మెల్లగా పోనిచ్చేవాణ్ణి. రెండో నెలలో ఆ టక్ టక్ పెరిగి పెరిగి, వెనక కూర్చున్నవాళ్లు ఇంజనులో వడ్రంగిని పెట్టుకున్నవా అన్నా అని ఎకసెక్కాలాడేదాకా వచ్చింది. వారపు సెలవు రోజు నాయిన దర్జాగా నా పక్క సీట్లో కూర్చునేవాడు. వాళ్లెందుకు నవ్వుతున్నారని ఒకసారి నన్నే అడిగాడు. చప్పుడుకు నాయినా అంటే, ఏం చప్పుడు అన్నాడు. అప్పుడు కూడా నాకు వెలగలేదంటే నా బుర్ర ఎంత మందమో చూడండి.

చివరికి బండి చిన్న ఎత్తు కూడా ఎక్కలేని స్థితికి వచ్చి షెడ్డుకు తెచ్చాం. చాచా ఇంజను నడిపిస్తూ, మా పద్ధతిలో పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి పిడి చెవికి పెట్టుకొని విన్నాడు. తరువాత దాన్ని నాయినకిచ్చి వినమన్నాడు. నాయిన కళ్లు మూసుకొని, సరిగ్గా కప్పు వినేటప్పుడు పెట్టినట్టే ముఖం పెట్టి విని, గట్టిగనే ఉన్నది అన్నాడు. చాచా అదే స్క్రూడ్రైవరు అదే చోట ఉంచి నా చెవికి ఆనించాడు. సుత్తితో తలలో కొడుతున్నట్టు ఉంది, ఉలిక్కిపడి వదిలేశాను. నాయిన అవతల నీళ్లు తాగుతున్నాడు. చాచా వెనక నుంచి ఆయనను పిలిచాడు, మళ్లీ కొంచెం గట్టిగా పిలిచాడు. ఆయన తిరగలేదు. చాచా నా భుజం మీద చెయ్యి వేసి, "బండి ఫికర్ ఇడిసిపెట్టు బేటా. మీ నాయినకు దవాఖానల చూపియ్యి," అన్నాడు.

అక్కడే ఒక టైరు మీద కూర్చున్నాను. ఒక్కొక్కటే నా కళ్ల ముందుకు వచ్చింది. రెండేళ్ల నుంచి చర్చిలో మొదటి వరుసలోనే కూర్చుంటున్నాడు, భక్తి పెరిగిందని మేమంతా సంతోషపడ్డాం, పాస్టరు గారి పెదవులు కనబడాలని ఆ పాట్లు. పాట అందరికంటె ఒక అడుగు వెనక పాడుతున్నాడు. మా అమ్మ వంటింట్లో నుంచి పిలిస్తే పలకడం లేదని, వయసు మీద పడ్డాక పెళ్లాం అలుసైందని ఆమె అలిగేది. మనిషి ముఖం చూసి మాట పట్టుకుంటున్నాడు. బొగ్గు పేల్చే మందు చప్పుడూ యంత్రాల రొదా కలిసి ఇరవై ఆరేళ్లలో ఆ చెవులను మెల్లమెల్లగా తినేశాయి. అంత మెల్లగా పోయింది గనుక బహుశా ఆయనకే తెలియలేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. రాతికి ముఖం ఎక్కడిది? పొద్దున అయిదున్నరకు ఆ చెవితోనే కప్పు కొట్టి చూసి నలభై మందిని పోండి అంటున్నాడు.

ఆ సంగతి ముందు మా మామకు చెప్పాను. మామ మా అమ్మ తమ్ముడు, నాయిన కిందనే దుంగలు నిలబెట్టే పనిలో ఉండేవాడు. ఆశ్చర్యపోతాడనుకుంటే, తల వంచుకొని బీడీ వెలిగించాడు. వాళ్లందరికీ ఏడాదిన్నరగా తెలుసట. నాయిన కొట్టి, సంతకం గీకి మలుపు తిరిగాక, మామా ఇంకొకడూ కలిసి మళ్లీ మొదటి నుంచి కప్పంతా కొట్టి చూసుకునే వాళ్లట. "బావ చేత బతికినోళ్లం, ఆయన ఇజ్జత్ తియ్యలేం. ఎవ్వలకు చెప్పకు," అన్నాడు. రెండుసార్లు నాయిన సంతకం పక్కనే డొల్ల దొరికితే, అక్కడ దుంగలు ఆనించి, సర్దారే పెట్టించాడని పైవాళ్లకు చెప్పారట. నాకు ఏడుపు వచ్చింది. ఒక మనిషి మర్యాద నిలబెట్టడానికి అంతమంది నోళ్లు కట్టుకొని, రోజూ రెండింతలు పని చేసే కాలం ఒకటి ఉండేదని ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు?

అక్కడితో సరిపోతే నేనూ నోరు కట్టుకునేవాణ్ణే. కాని మరో పది రోజులకు మామకు వేరే గనికి బదిలీ ఆర్డరు వచ్చింది, ఒకటో తారీఖు నుంచి పోవాలి. ఆ రెండోవాడు అప్పటికే మోకాలు వాచి సెలవులో ఉన్నాడు. వాళ్ల స్థానంలో వచ్చేది బదిలీ ఫిల్లర్లు, అంటే ఏ రోజు ఏ మేరలో ఖాళీ ఉంటే ఆ రోజు అక్కడ బొగ్గు నింపే కొత్త పిల్లలు. వాళ్లకు మా నాయిన ఎవరో తెలియదు, గోడ మీద సంతకం ఉంటే చాలు, నమ్మి పోతారు. మామ ఆ ఆర్డరు కాగితం నా చేతిలో పెట్టి పోయాడు.

నాయినతో నేరుగా మాట్లాడాను. ఒకటికి రెండుసార్లు. దవాఖానకు పోదాం, ఒక్కసారి చెవి చూపిద్దాం అన్నాను. ఆయన నా పెదవులు చూస్తూ అంతా విని, "నౌకరి గావాల్నా? గది అడుగు, చెవి మీద పెట్టి చెప్పకు," అన్నాడు. ఆ మాట గుండెలో దిగబడింది. ఎందుకంటే నిజం చెప్పాలి ఈ వయసులోనైనా, ఆ ఉద్యోగం మీద నాకు ఇసుమంత ఆశ లేదని ఇవాళ్టికీ ప్రమాణం చేయలేను. జీపు మూలకు పడింది, లోను కోత ప్రతి నెలా జీతంలో నుంచి పోతున్నది, మా వరుసలో నా తోటివాళ్లు ఒక్కొక్కరే డ్యూటీలు ఎక్కుతున్నారు. చెబితే ఉద్యోగం కోసం తండ్రిని అమ్ముకున్నాడంటారు. చెప్పకుంటే ఏ తల్లి కన్న బిడ్డ మీద ఏ రాయి పడుతుందో. ఎనిమిది రోజులు అన్నం సయించలేదు. ముప్పయ్యో తారీఖు పొద్దున ఎవరికీ చెప్పకుండా మా గనుల దవాఖానకు పోయి అక్కడి డాక్టరమ్మ ముందు అంతా చెప్పేశాను.

ఆ రోజే నాయినను పరీక్షకు పిలిపించారు. ఆ రోజుల్లో మా దవాఖానలో చెవి పరీక్షకు పెద్ద యంత్రాలేమీ లేవు, మాట్లాడించి చూసేవాళ్లు. నాయిన ఎప్పుడూ ఎదురుగా కూర్చొని గెలిచినవాడు. ఈసారి డాక్టరమ్మ గోడ వైపు తిరిగి నిలబడమంది. వెనక నుంచి పేరడిగింది, ఊరడిగింది, ఎంతమంది పిల్లలని అడిగింది, చివరికి అయిపోయింది ఇటు తిరగండి అన్నది. ఆయన గోడ చూస్తూ అట్లాగే నిలబడ్డాడట, పరీక్ష ఇంకా మొదలు కాలేదనుకొని. వెంట పోయిన మామ ఈ మాట చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. డాక్టరమ్మ పాపం మంచి మనసుతోనే, మీ అబ్బాయికి మీరంటే ఎంత ప్రేమో, వాడు వచ్చి చెప్పకపోతే ఏమయ్యేదో అని, అన్‌ఫిట్ అని రాసిన చేత్తోనే ఇంకో కాగితం మీద రాసి మరీ చూపించిందట.

ఆ కప్పు కూలలేదు. ఆ నెలా కూలలేదు, ఆ తరువాత కూడా కూలలేదు. కూలని కప్పుకు సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? నేను చేసింది సరైనదని చూపడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. వాడలో అందరూ నన్ను మెచ్చుకున్నారు, అది ఇంకా నరకం. మంచిగ పని చేసినవ్ తమ్మీ, మేం ఏండ్ల సంది తిరుగుతున్నం, నీకు ఒక్క కాగితంతోని అయిపాయె అన్నారు. జీపును పాత ఇనుము వాడు ముక్కలు చేసుకొని తీసుకుపోయాడు. ఆరు నెలలకు నాకు ఆర్డరు వచ్చింది, బదిలీ ఫిల్లరుగా. ఏ పిల్లల కోసం భయపడ్డానో వాళ్లలో నేనే ఒకణ్ణయ్యాను. మొదటి షిఫ్టు పొద్దున అమ్మ సద్ది కట్టి ఇచ్చింది. నాయిన అరుగు మీద కూర్చొని వీధి వైపు చూస్తూ, "నువ్వు బాయిల దిగద్దనే గదరా గా బండి కొన్నది," అన్నాడు. అదే ఆయన నాతో అన్న చివరి పెద్ద మాట.

ఆయన ఆ తరువాత పన్నెండేళ్లు బతికాడు. కోపం చేయలేదు, తిట్టలేదు, నా పిల్లలను ఎత్తుకు తిప్పాడు. ఒక్కటే చేశాడు, నేను మాట్లాడేటప్పుడు నా ముఖం వైపు చూడడం మానేశాడు. అమ్మ వైపు చూసేవాడు, నా భార్య వైపు చూసేవాడు, వాళ్లు చెప్పింది పెదవుల మీద పట్టుకొని బదులు చెప్పేవాడు. నేను నోరు తెరవగానే కళ్లు పక్కకు తిప్పుకునేవాడు. చూస్తేనే వినగలిగిన మనిషి చూడకపోతే నేనెంత అరిచినా ఏం లాభం? ఎదురుగా పోయి నిలబడేవాణ్ణి, ఆయన కళ్లు మూసుకునేవాడు. నాయినా, ఉద్యోగం కోసం కాదు అన్న మాట పన్నెండేళ్లలో ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు, ఒక్కసారైనా ఆయనకు అందిందో లేదో అదీ తెలియదు.

నేను రిటైరవడానికి కొన్నేళ్ల ముందు మా పరీక్షలకు ఒక అద్దాల గది వచ్చింది. చెవులకు తొడుగులు పెట్టి కూర్చోబెడతారు, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కాలి. చివర కాగితం దానంతటదే వస్తుంది. సర్దారైనా, ఫిల్లరైనా అందరికీ అదే కుర్చీ, ఎవరి గురించి ఎవరూ నోరు విప్పే అవసరం లేదు. ఇప్పుడు గనులు చాలావరకు పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులయ్యాయి, కర్రతో కప్పు కొట్టి వినేవాళ్లు తగ్గిపోయారు, ఒకరి కోసం మరొకరు చాటుగా రెండోసారి కొట్టే వాళ్లు అసలే లేరు. ఆ కుర్చీలో మొదటిసారి కూర్చున్న రోజు కళ్లు మసకబారి సగం మీటలు తప్పు నొక్కాను. ఆ గది మా నాయిన కాలంలోనే ఉండి ఉంటే, ఆయన చచ్చేదాకా నా ముఖం చూసేవాడు.